జెస్సికా పిడికెడు బియ్యం

"జెస్సికా! రేపు నెలాఖరు ఆదివారం. పిడికెడు బియ్యం డబ్బా నిండిందా?" వంటింట్లోంచి అమ్మ కేకేసింది.

హోంవర్కు చేసుకుంటున్న జెస్సికా పుస్తకంలోంచి తలెత్తలేదు. "ఆ... నిండిందమ్మా!" అనేసింది.

నిండలేదు. నిండటం మాట దేవుడెరుగు, డబ్బా అడుగు కూడా సరిగ్గా కప్పలేదు.

ఉయ్యూరులో వాళ్ళ చర్చికి వచ్చే ప్రతి ఇంట్లోనూ ఇలాంటి డబ్బా ఒకటి ఉంటుంది. అన్నానికి ఎసరు పెట్టినప్పుడల్లా, కడగబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి అందులో వేస్తారు. నెలాఖరు ఆదివారం అందరూ డబ్బాలు చర్చికి తెచ్చి పెద్ద గోనెసంచిలో పోస్తారు. ఆ బియ్యంతోనే మధ్యాహ్నం ప్రేమవిందు. చెరుకు కోతల రోజుల్లో అయితే, ఊరి బయట గుడిసెలు వేసుకుని ఉండే కోత కూలీలనూ వాళ్ళ పిల్లలనూ కూడా భోజనానికి పిలుస్తారు.

"ఈ నెల డబ్బా పని నాది" అని జెస్సికాయే అడిగి మరీ తీసుకుంది. తమ్ముడు ఆషేర్ "నేనూ వేస్తానక్కా" అని చెయ్యి చాపితే, ఆ చేతి మీద ఒక్కటిచ్చింది.

"నా డబ్బా! ఎవరూ ముట్టుకోవద్దు. అమ్మా, నువ్వు కూడా!"

మన జెస్సికాతో చిక్కే అది. పని ఒప్పుకునేటప్పుడు ఉన్న హుషారు చేసేటప్పుడు ఉండదు. మొదట్లో బాగానే వేసింది. తర్వాత ట్యూషన్ ఉందని ఒక రోజు, డాన్సు ప్రాక్టీసని ఒక రోజు, ఊరికే ఒక రోజు మానేసింది. ఎవరూ ముట్టుకోవద్దంది కదా, ఎవరూ ముట్టుకోలేదు.

అమ్మ బట్టలు తేవడానికి మేడ మీదకి వెళ్ళగానే జెస్సికా వంటింట్లోకి దూరింది. బియ్యం బస్తా అడుగుకి వచ్చేసింది. కొత్త బస్తా సోమవారం గానీ రాదు. ఉన్నదాంట్లోంచి ఎక్కువ తీస్తే అమ్మ ఇట్టే పట్టేస్తుంది.

పై అరలో నాన్న దంపుడు బియ్యం కనబడ్డాయి. నాన్నకి షుగరు. డాక్టరు చెప్పాడని ఆయన ఒక్కడికీ అమ్మ అవి విడిగా వండుతుంది.

"ఏవైతేనేం? బియ్యం బియ్యమేగా!" అనుకుంది జెస్సికా. స్టూలెక్కి ప్యాకెట్లు దించి, ఉన్నవన్నీ డబ్బాలో కుమ్మరించింది. ఆ గోధుమరంగు కనబడకుండా పైన కాసిని తెల్లబియ్యం చల్లి మూత పెట్టింది. అబ్బో, ఏం తెలివి! తన తెలివికి తనే మురిసిపోయి, వెళ్ళి హాయిగా కార్టూన్లు చూసింది. రాత్రి నాన్న తినేది చపాతీలే కాబట్టి సంగతి బయటపడలేదు.

ఆదివారం చర్చిలో అందరి డబ్బాల మధ్య జెస్సికా డబ్బా కూడా గోనెసంచిలోకి బోర్లపడింది. పాస్టరుగారు ప్రార్థన చేశారు. బియ్యం కడుగుతూ సుగుణమ్మ ఆంటీ, "ఎవరింటివో, కాస్త రంగుగా ఉన్నాయే" అంది. "పాత బియ్యమేమోలే" అంది ఇంకొకావిడ. అంతటితో ఆ మాట ఆగిపోయింది.

చర్చి వెనక రేకుల షెడ్డులో వంట. ప్రేమవిందుకి ఎప్పుడూ వండేది సంజీవరావు తాతయ్యే. తలకి తువ్వాలు చుట్టి, పాటలు పాడుకుంటూ, పొయ్యి ముందు ఆయన హడావిడి చూడాలి!

ఆరాధన అయ్యేసరికి కోత కూలీల కుటుంబాలు ట్రాక్టరులో దిగాయి. పిల్లలు తలకి నూనె రాసుకుని, మొహాలు తళతళలాడించుకుంటూ విస్తరాకుల ముందు బుద్ధిగా కూర్చున్నారు.

తాతయ్య డేగిసా మూత తీసి ఒక మెతుకు నొక్కి చూశాడు. మెత్తగా ఉంది. ఇంకోటి నొక్కాడు. పలుకు! గరిటెతో అడుగునుంచి తీసి చూశాడు. అక్కడా అంతే, సగం ముద్ద, సగం పలుకు.

"ఏంటి సంజీవరావుగారూ, పొయ్యి దగ్గర కునుకు తీశారా?" అంది సుగుణమ్మ ఆంటీ.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. తాతయ్య కూడా నవ్వాడు కానీ మొహం చిన్నబోయింది. పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి మెల్లగా చెప్పాడు.

"అయ్యగారూ, నాకు వయసు మీదపడిందండీ. చెయ్యి లెక్క తప్పుతోంది. పిల్లలు ఆకలితో కూర్చున్నారు, చూడండి. వచ్చే నెల్నించి గరిటె ఇంకెవరికైనా ఇచ్చేయండి."

తలకి చుట్టిన తువ్వాలు విప్పేసి భుజాన వేసుకున్నాడు.

మంచినీళ్ళ గ్లాసులు పట్టుకెళ్తున్న జెస్సికా అది విని ఆగిపోయింది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలీదు. ఎప్పటికీ తెలీదు. కానీ తాతయ్య మొహం చూస్తే ఏడుపొచ్చేలా ఉంది. తను చేసిన పనికి ఆయనెందుకు గరిటె వదిలెయ్యాలి?

"తాతయ్యా! మీ తప్పు కాదు!" గ్లాసులు కింద పెట్టి ముందుకొచ్చింది. "నేనే... నేను రోజూ వెయ్యడం మర్చిపోయి... నాన్న దంపుడు బియ్యం పోసేశాను. కనబడకుండా పైన తెల్లవి చల్లాను."

జెస్సికా సిగ్గుతో తలెత్తలేకపోయింది.

"అవి నా బియ్యమా!" వెనకనుంచి నాన్న గొంతు వినబడింది. "దొంగలు పడ్డారేమో అనుకున్నానే తల్లీ! పొద్దున అరలన్నీ వెతికాను!"

అందరూ గొల్లుమన్నారు. అందరికంటే గట్టిగా నవ్వింది తాతయ్యే. "హమ్మయ్య! నా చెయ్యి బాగానే ఉందన్నమాట!" అంటూ తువ్వాలు మళ్ళీ తలకి చుట్టేశాడు. "ఏడుపు తర్వాత ఏడుద్దువుగాని, అమ్మాయ్. ముందీ అన్నం సంగతి చూద్దాం. దంపుడు బియ్యం ఇంకాసేపు ఉడకాలి. ఈలోగా తెల్లబియ్యం ముద్దయితే అవనీ. ఆ సాంబారు ఇటు తెండి, ఇందులోనే పోసేద్దాం. ఇవ్వాళ సాంబారన్నం!"

ఇంక చూడండి సందడి! సుగుణమ్మ ఆంటీ గబగబా ఇంకొన్ని ములక్కాడలు, క్యారెట్లు తరిగింది. నాన్న పొయ్యిలోకి కట్టెలు ఎగదోశాడు. పాస్టరుగారు చొక్కా చేతులు మడిచి తెడ్డు పట్టుకున్నారు. అమ్మ పిల్లలందరికీ తలో అరటిపండు పంచింది. యూత్ అన్నయ్యలు డోలక్ తెచ్చి పాటలు మొదలెడితే, కోత కూలీల పిల్లలు చప్పట్లు కొడుతూ ఊగిపోయారు. ఆషేర్ కరివేపాకు మోశాడు, సగం దార్లో పారబోశాడు. జెస్సికా నీళ్ళు మోసింది, గిన్నెలు అందించింది, తాతయ్య చెప్పిన పనల్లా పరుగెత్తి చేసింది.

నెయ్యి వేసి కలిపిన సాంబారన్నం ఘుమఘుమలు వీధి దాకా వెళ్ళాయి.

జెస్సికా వడ్డిస్తుంటే, రెండు జడల చిన్నపిల్ల ఒకతి మళ్ళీ కావాలంది. తినేసి, ఇంకోసారి కావాలంది. వేళ్ళు నాక్కుంటూ తల పైకెత్తింది.

"అక్కా, రేపు కూడా పెడతారా?"

జెస్సికాకి తను వెయ్యకుండా వదిలేసిన పిడికిళ్ళన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. గరిటె నిండా తీసి ఆ పిల్ల ఆకులో వేసింది.

ఇంటికెళ్ళే దారిలో అమ్మ అంది, "డబ్బా పని ఇంక నేనే చూసుకుంటాలే."

"వద్దమ్మా, నాకే ఇవ్వు" అంది జెస్సికా. "కానీ నాకొక్కదానికే వద్దు" అంది.

అమ్మ జెస్సికా భుజం చుట్టూ చెయ్యి వేసి నడిచింది.

సోమవారం కొత్త బస్తా వచ్చింది. సాయంత్రం అమ్మ ఎసరు పెట్టగానే, జెస్సికా పుస్తకం మూసేసి వంటింట్లోకి వచ్చింది. గిన్నెలోంచి ఒక పిడికెడు తీసి డబ్బాలో వేసింది. తర్వాత గుమ్మం వైపు తిరిగి పిలిచింది.

"ఒరేయ్ ఆషేర్! ఇట్రా. పొద్దున నువ్వు, సాయంత్రం నేను. నేను మర్చిపోతే గట్టిగా కేకెయ్యి, సరేనా? ఇవ్వాళ పొద్దుటిది బాకీ ఉంది, వెయ్యి."

ఆషేర్ పరుగెత్తుకొచ్చాడు. ఈసారి అక్క చేతి మీద కొట్టలేదు. వాడు మునివేళ్ళ మీద నిలబడి, గిన్నెలో చెయ్యి పెట్టి, పట్టినన్ని బియ్యం తీసి డబ్బాలో వేశాడు. లోపలికి తొంగి చూసి పెదవి విరిచాడు.

"ఇంతేనా అక్కా? చాలవేమో!"

"రేపు మళ్ళీ వేద్దాంరా" అంది జెస్సికా.