దేవుని అర్రల సచ్చిన చుక్క

పెత్రమాస పొద్దున మానుకోటల నగేశ్ ఇంట్ల చాటల్ల బియ్యం, చింతపండు, కూరగాయలు సదురుతున్నరు. సచ్చిపోయిన పెద్దల పేరు మీద అయ్యగారికి ఇచ్చే బియ్యం అవి. నగేశ్ తల్లి పెంటమ్మ తానం చేసి, దేవుని అర్రల పటాలన్నిటికి బొట్లు పెట్టుకుంట ఆఖరు పటం కాడ ఆగింది.

గుండ్రంగ, ఎర్రగ, నీలంగ మండుతున్న పటం. మనుమరాలు తేజస్విని హైదరాబాద్ హాస్టల్ నుంచి తెచ్చి బయటి గోడకు అంటిస్తే, "చక్రం లెక్కున్నది, ఎవలో పెద్ద సామే" అని పెంటమ్మనే లోపలికి మార్చింది. నెల తిరగకముందే ఆ సామి భక్తులతోని గల్లీల ఆటో కూడ తిరగలేని పరిస్థితి. వెనకింటి మోతీబాయి బర్రె ఈనినా సామి దయనే.

తేజస్వినికి పుణెల పీహెచ్‌డీ సీటొస్తే, "ఆడపిల్ల, ఒక్కతే, అంత దూరమా?" అని నగేశ్ అడ్డం పడ్డడు. "సామి పిలుస్తుండురా, పోనియ్" అని పెంటమ్మ అన్నంకనే ఒప్పుకున్నడు. గందుకే ఆ పటం ఏందో తేజస్విని నోరు విప్పలే. రేపే డోర్నకల్‌ల రైలెక్కాలె.

"తేజా, ఈ సామికి ఇయ్యాల ఏం పెట్టాలెనే?"

తేజస్విని నోట్ల బ్రష్షు, కండ్లల్ల ఇంక నిద్ర. "సామేంది బాపమ్మా, గది సచ్చిన చుక్క గదా" అన్నది.

పెంటమ్మ చేతిల చెంబు కిందపడ్డది. ఆ చప్పుడుకు డోర్నకల్‌ల రెండు గూడ్సు బండ్లు ఆగినయట. తేజస్విని తల్లి రజిత తెరిచిన నోరు తెరిచినట్టే ఉన్నది.

"సచ్చిందా? నెలసంది పీనుగకు హారతి పట్టిన్నా నేను?"

"నాకు ముందుగాల్నే అనుమానం" అన్నడు నగేశ్.

"ఏం అనుమానం? నిన్న కొబ్బరికాయ కొట్టింది నువ్వే గదా!" అన్నది రజిత.

నగేశ్ మొఖం మాడింది. "ఇంటిల్లిపాదిని ఎడ్డోళ్లను చేసింది. పుణె లేదు, గిణె లేదు!"

తేజస్విని బాపమ్మ దిక్కు చూసింది. పెంటమ్మ మొఖం తిప్పుకున్నది. తిట్టినా బాగుండు అనిపించింది పిల్లకు.

"నన్ను చూసి నవ్వుకున్నవా బిడ్డా?"

"లే బాపమ్మా. చెప్తే పోనియ్యవని భయపడ్డ."

"సచ్చినదానితోని నీకేం పని మరి?"

తేజస్విని నోరు కడుక్కొని వచ్చి పటం ముందు కూసున్నది. "పుణెల నేను చదవబోయేది గిదే. గది పేలినంక మిగిలిన మంట. దాంట్లకెళ్లి ఎక్స్‌రేలు వస్తయి. మన గాలి వాటిని కిందికి రానియ్యదు, గందుకే టెలిస్కోప్‌ను ఆకాశంల తిప్పుతున్నరు. ఒక్కో లోహానిది ఒక్కో తీరు ఎక్స్‌రే. ఇగో, ఇక్కడంత ఇనుము."

"ఇనుమా?" దుకాణంల పొద్దుమాపు ఇనుమే అమ్మే నగేశ్ ముందుకు వంగిండు.

"అవు బాపు. మన దుకాణంల మొలలు, బయ్యారం గుట్టల ఇనుము, తాత అమ్మిన నాగలి కర్రులు, బాపమ్మ నెత్తుట్ల ఇనుము, అన్నీ గిట్లాంటి చుక్కలు ఎన్నడో పుట్టించి పోయినయే."

పెంటమ్మ గోడ మీద దండ ఏసున్న పెనిమిటి సోమనర్సయ్య ఫొటో దిక్కు చూసింది.

"ఉన్నదంత మనకిచ్చి పోయినయా?"

"ఇచ్చి పోయినయి."

"అట్లైతే పీనుగ గాదే. పెద్దమనిషి."

పెంటమ్మ పటాన్ని దేవుని అర్రలకెళ్లి తీసి, సోమనర్సయ్య పక్కకు పెట్టింది. ఇంకో చాట తెచ్చి బియ్యం పోసింది.

అయ్యగారు వచ్చి అందరి పేర్లు చదివి, ఆఖరు చాట కాడ ఆగిండు. "ఇది ఎవరి పేరు మీదమ్మా?"

"మా ఇనుముకు పెద్ద. చుక్క. పేలిపోయింది."

అయ్యగారి చేతిల దర్భ జారిపడ్డది. "గోత్రం?"

పెంటమ్మ తేజస్విని తల మీద చెయ్యి పెట్టింది. "గది కనుక్కోనికే మా పిల్ల రేపు పుణె పోతాంది."

తేజస్వినికి కండ్లు మసకైనయి. నగేశ్ లోపలికి పోయి ఆమె పెట్టె తెచ్చి గడప కాడ పెట్టిండు.