మెడ పట్టుకొని పళ్ళు పీకిన దయ్యం

మన్సూరాబాద్ల మన గల్లి చివర ఇప్పుడు మూడంతస్తుల బిల్డింగు లేచింది గదా… గప్పుడు ఆడ పచ్చ గేటు ఇల్లు ఒకటుండె. పొద్దుమూకితె దాని ముంగట కెల్లి మనిషి నడిచేది కాదు. కుక్కలు గూడ ఆ గేటు కాడ పండకపోయేది. పాలాయన అటు దిక్కు మొఖం తిప్పకుంటనే సైకిల్ తొక్కేటోడు. పిల్లలు అన్నం తినకపోతే పచ్చ గేటు పేరు చెప్తే సాలు… పళ్ళెం నాకి పెట్టేది.

ఆ దయ్యాన్ని మొదలు చూసింది మీ తాతనే, జ్యోతికా.

ఎన్నిసార్లు ఇన్నవో నువ్వు ఈ కత! ఆటో స్టాండ్ల చెప్పేటోడు, పెండ్లిళ్ళల్ల చెప్పేటోడు, దవాఖానల మంచం మీద గూడ నర్సమ్మకు చెప్పిండు. ఇప్పుడు చెప్పే మనిషే లేకపాయె. నువ్వేమో ఫోన్ల చెప్పి పంపమన్నవ్. సరే బిడ్డా, నాకు రాసుడు రాదు గని చెప్పుడు రాదా?  

ఆ ఇల్లు భానుమూర్తి సారుది. కాకినాడ దిక్కోళ్ళు. సారు వయసుల ఉన్నప్పుడు పెండ్లిళ్ళ ఆర్కెస్ట్రాల వాయించెటోడంట. సూస్తె గిటార్ లెక్కనే ఉంటది గని నాలుగే తీగెలు, లావుగ. బేసు అంటరు దాన్ని, స్పీకరు డబ్బకు తగిలిచ్చి కరెంటు పెడితెనే మోగుతది. ఆ సప్పుడు చెవులకు రాదు బిడ్డా, కడుపులకొస్తది. నౌకరి అయిపోయినంక పాత సామాన్లమ్మే జుమ్మేరాత్ బజార్ల ఎవడో సగం చేసి ఇడిసిపెట్టిన బేసు ఒకటి తెచ్చుకున్నడు. రంగు లేదు, తీగెలు లేవు. దాన్ని ముంగటేసుకొని పొద్దంత గీకుడే. సూర్యప్రభమ్మ, సారు భార్య, నా దోస్తు, పక్కన కూసొని లైటు పట్టేది.

“చూడు లచ్చమ్మా, ఈ వయసులో నాకు సవతి వచ్చింది,” అని నవ్వేది.

మీ తాతకు, సారుకు గోడ కాడ రోజు తెలంగాణ లొల్లే. “ఎట్లియ్యరు సార్, తెచ్చుకుంటం!” అని ఈన ఒర్రేటోడు. “తెచ్చుకుందువులే జానయ్యా, ముందు టీ తాగు,” అని ఆయన.

ఒకనాడు సారు గుండె ఆగి పోయిండు. బేసు అట్లనే ఉండిపోయింది. సూర్యప్రభమ్మను వాళ్ళ తమ్ముడు మల్లికార్జునరావు దిల్‌సుఖ్‌నగర్ తీస్కపోయిండు. ఇంటికి తాళమేసి బేరం పెట్టిండు.

గప్పుడే తెలంగాణ కోసం పెద్ద సమ్మె మొదలైంది. బస్సులు బందు, బడులు బందు, రైళ్ళకు అడ్డం కూసునుడు. ఎల్బీనగర్ చౌరస్తల నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండుకొని తిన్నరు జనం. బొగ్గు లేక కరెంటు గూడ ఒస్తుండె, పోతుండె. సమ్మెకు ముందు రాత్రి సూర్యప్రభమ్మ విజయవాడ వాళ్ళ చెల్లె ఇంటికి పోయిందని, బస్సుల్లేక ఆడనే చిక్కుబడ్డదని తమ్ముడు చెప్పిండు.

ఇగ విను…

మీ తాత మీర్‌పేట్‌ల గిరాకిని దింపి ఒస్తుండు. వీధిలైటు లేదు. గల్లిలకు తిప్పిండు… సరిగ్గ పచ్చ గేటు కాడ ఆటో ఆగిపాయె. ఎంత గుంజినా లేస్తలేదు.

కీచ్…

లోపల్కెల్లి.

ఆగింది. ఎనకనే… టింగ్. ఇనుప గిన్నెల ఏదో పడ్డట్టు.

గేటుకు తాళం ఏలాడుతనే ఉన్నది. ముక్కుకు పొగ కొట్టింది… గుగ్గిలం పొగ. పీనుగ లేసిన ఇంట్ల ఏసినట్టు. కిటికి సందులకెల్లి సన్నగ ఎర్రటి ఎలుగు.

మీ తాత గోడ దుంకిండు. సందుల కన్ను పెట్టిండు…

తెల్ల చీర. ఇరబోసుకున్న ఎంట్రుకలు. దయ్యం ఒడిల ఒక మెడ… ఒట్టి మెడ! మొండెం పక్కకు పడి ఉన్నది. కాలే కడ్డి తీసి మెడ మీద పెట్టింది… పొగ లేసింది. పటకారుతోని పట్టి గుంజింది. కీచ్… వంకర తిరిగిన పన్ను. మెరుస్తున్నది. గిన్నెలేసింది. టింగ్.

ఇంకోటి పట్టింది. కీచ్…

దయ్యం తల ఎత్తింది—

సూర్యప్రభమ్మ!

ఇంటికొచ్చి చాపల పడ్డడు మీ తాత. పండ్లు టకటక కొట్టుకుంటున్నయ్. “లచ్చమ్మా… సూర్యప్రభమ్మ… మెడ పట్టుకొని… పళ్ళు పీకుతున్నదే…” గంతే. సలి జరం. దుప్పట్లు కప్పినా ఆగని ఒణుకుడు.

తెల్లారేవరకు గల్లి గల్లంత తీర్మానం చేసింది. బస్సు లేదు, రైలు లేదు. విజయవాడ కెల్లి బస్సు లేకుంట ఒచ్చేది ఎవరు? సచ్చినోళ్ళే! మల్లికార్జునరావు గూడ చెల్లెకు ఫోన్ చేసిండంట. ఒకపారి ‘స్నానం చేస్తోంది’ అన్నది, ఇంకోపారి ‘గుడికి వెళ్ళింది’ అన్నది. అక్క మాత్రం ఫోనుకు రాలె.

నాకు దయ్యమంటె భయం లేదు బిడ్డా. నా దోస్తు బతికున్నదా లేదా… గదొక్కటే పానం తీస్తున్నది. ఆమె లేదంటె, ఆ గోడ కాడ ఇంకెవ్వరితోని మాట్లాడాలె నేను?

తెల్లారి రాత్రి మీ తాత గుర్రు పెట్టినంక లేసిన. ఒక చేతుల చెప్పు, ఒక చేతుల చీపిరి. ఎనక బాత్రూం తలుపు ఎత్తి నూకితె ఒస్తది, నాకెరికె. నూకిన.

లోపట గుసగుస… “ఎవరది?”

“నువ్వెవ్వరో ముందు చెప్పు… మనిషివా, దయ్యానివా?”

“లచ్చమ్మా… ఆ చీపురు దించవే తల్లీ. తగిలేది నాకే!”

నేను దించలె. పాదాలు చూసిన. ముందుకే ఉన్నయ్. చెయ్యి పట్టిన. ఎచ్చగున్నది! ఇగ ఏడ్పు ఆగలె. గట్టిగ ఏడిస్తె గల్లి లేస్తదని ఇద్దరం నోట్ల కొంగు కుక్కుకొని ఏడ్చినం.

“బస్సు కళ్ళముందే వెళ్ళిపోయింది లచ్చమ్మా. ఎక్కబుద్ధి కాలేదు,” అన్నది. “అడిగితే అక్కడే ఉన్నానని చెప్పమన్నాను చెల్లెలికి. ఇల్లు ఖాళీ చేసినప్పుడు ఈ బేసుని ఉత్తి కట్టె అని నీళ్ళపొయ్యిలో పెట్టేయమన్నాడు మా తమ్ముడు. ఆయన ప్రాణం పెట్టి చేసుకున్నది… పొయ్యిలోకా? బస్సులు తిరిగే లోపల దీన్ని మోగించాలి. ఒక్కసారి మోగితే చాలు. అప్పుడు కట్టె అనడెవడూ.”

“మరి ఈ పళ్ళేందమ్మా?”

అవి పళ్ళు కాదు బిడ్డా, ఫ్రెట్లంట. బేసుకు పొడుగ్గ ఉండే కట్టెను మెడ అంటరు, దాని మీద అడ్డంగ కొట్టే తీగముక్కలు. సారు కొట్టినయి ఒకటి ఎత్తు, ఒకటి పల్లం. తీగె దానికి తాకి జుయ్యిమని ఈగ లెక్క మోగుతదంట. అందుకే అన్ని పీకి కొత్తయి కొట్టాలె. కడ్డి కాల్చి పెడితె మెత్తబడి లేస్తయ్. రేడియో తీగెలు అతికే కడ్డీకి గుగ్గిలం పెడతరు గదా, గదే వాసన.

“ఎవరికీ చెప్పకే. జానయ్యగారికి కూడా.”

“ఆయనకా? ఆయనకు చెప్తె ఆటో ఎక్కినోళ్ళందరికి తెలుస్తది! ఆయనకు చెప్పనని ఒట్టు. నేనొస్తున్న అని నువ్వు గూడ చెప్పొద్దు.”

ఆ దినం కాడికెల్లి దయ్యాన్ని సాదింది నేనే. రాత్రి రొట్టె, తొక్కు తీస్కపోదును. మెడ కింద ఇసుక మూట పెట్టి ఆమె సుత్తెతోని కొడుతుంటె నేను టార్చి పడుదును. ముందు రెండు కొసలు, ఎనక నడిమి. కొస దిగితె నడిమి లేస్తుండె, నడిమి దిగితె కొస లేస్తుండె. ఏళ్ళు కోసుకపోయి నెత్తురు. మల్ల పీకుడు, మల్ల కొట్టుడు. అన్ని దిగినంక మీద సిరా పూసి ఆకురాయితోని రాకింది. సిరా ఒక్క తీరుగ పోతె ఎత్తు ఒక్క తీరుగ ఉన్నట్టంట.

పొద్దున నల్లా కాడ గల్లోళ్ళు అడుగుదురు, “లచ్చమ్మా, రాత్రి టక్ టక్‌మన్నదేంది?”

“బొక్కలు ఇరుగ్గొడుతున్నది.”

“గర్ గర్‌మన్నది గద?”

“పళ్ళకు పదును పెట్టుకుంటున్నది.”

మీ తాత నాకంటె ఎక్కువ! “నన్ను పేరు పెట్టి పిలిచిందే,” అని కండ్లు పెద్దగ చేసుడు. పాపం, జరం నెత్తికెక్కింది అనుకొని నిమ్మకాయ దిష్టి తీసి, చేతికి తాయెత్తు కట్టిన. సప్పుడు చెయ్యకుంట కట్టిచ్చుకున్నడు.

ఒకనాడు పొద్దుగూకంగ సమ్మె అయిపోతున్నదని మాటొచ్చింది. అదే యాళ్ళకు మల్లికార్జునరావు కారు దిగిండు! ఇల్లు కొనెటాయనను తోలుకొచ్చిండు. చేతుల తాళంచెవి. లోపట సూర్యప్రభమ్మ తీగెలెక్కిస్తున్నది. నా పానం ఆడనే పోయింది.

“లోపటికి పోకుండ్రి సార్… మంచిగ లేదు,” అన్న.

“ఏంటమ్మా ఈ గోల! చదువుకున్నవాణ్ణి, దెయ్యాలని నమ్ముతానా?”

మీ తాత ఉరికొచ్చి ఆయన చెయ్యి పట్టిండు. ఒణుకుతుండు. “సార్… రాత్రి మీ అక్క నా ఆటో ఎక్కింది. అద్దంల చూస్తె… సీటు ఖాళీ.”

“మా అక్క విజయవాడలో ఉందయ్యా!”

“మరి ఫోన్ల మాట్లాడిందా, సార్?”

ఆయన కొనెటాయన దిక్కు చూసిండు. అయినా ఇజ్జత్ గదా… తాళంల చెవి పెట్టిండు. కరెంటు అప్పుడే ఒచ్చింది—

బుమ్మ్మ్మ్…

చెవులకు కాదు. కాళ్ళకెల్లి ఒచ్చింది. కడుపుల మోగింది. కిటికి అద్దాలు గజగజలాడినయ్.

బుమ్మ్మ్మ్…

కొనెటాయన అప్పటికే రోడ్డెక్కిండు. మల్లికార్జునరావు “అక్కా!” అని ఒక్క కేకేసి, చెవి ఆడనే ఇడిసి కార్ల పడ్డడు. మీ తాతనేమో కండ్లు తేలేసి నడి గల్లిల ఎల్లెలకల! నేనే నీళ్ళు కొట్టి లేపిన.

ఆ రాత్రి సూర్యప్రభమ్మ నాకు ఇనిపిచ్చింది. ఆమెకు వాయించుడు రాదు. ఒక్కో తాన ఏలు పెట్టి మీటుడే. ఏడ పెట్టినా జుయ్యిమనలె. మెత్తగ, నిండుగ. స్పీకరు డబ్బ మీద చెయ్యేసి నేను గూడ అట్లనే కూసున్న.

తెల్లారి బస్సులు తిరిగినయ్. మర్నాడు పొద్దుగాల్నే దుప్పట్ల చుట్టిన బేసు ఎత్తుకొని ‘విజయవాడ కెల్లి’ దిగింది తమ్ముని ఇంటికి. ఆయన కాళ్ళ మీద పడ్డడంట. పొయ్యి మాట మల్ల ఎత్తలె. మీ తాత మాత్రం సచ్చేదాక నా ముంగట పచ్చ గేటు పేరెత్తితె ఒణికేటోడు. నేను కొంగు అడ్డం పెట్టుకొని నవ్వుకునేదాన్ని.

కత అయిపోలె బిడ్డా. నీకు తెల్వనిది ఇప్పుడు చెప్తున్న.

మొన్న తాత దినాలకు సూర్యప్రభమ్మ ఒచ్చింది. నా పక్కన కూసొని… చెవుల మెల్లగ…

“లచ్చమ్మా, ఇన్నేళ్ళు రెండు ఒట్లు మోశాను. నీకొకటి, జానయ్యగారికొకటి. ఆయనకిచ్చింది ఇవాళ దించేస్తాను. మొదటి రోజు రాత్రి కిటికీలోంచి చూసి జానయ్యగారు భయపడలేదే. ‘సూర్యప్రభమ్మా, తిన్నవా?’ అన్నారు.”

నేను ఆమె దిక్కు జరిగి కూసున్న.

“ఎవరూ ఇటు రాకూడదని దెయ్యం కథ కట్టింది ఆయనే. కోఠి నుంచి తీగెలు తెచ్చిందెవరు? ఆఖరి రోజు నన్ను తెల్లారకముందే దిల్‌సుఖ్‌నగర్‌లో దింపిందెవరు? నువ్వు రాత్రి రొట్టె పెట్టేదానివి, ఆయన తెల్లవారుజామున ఇడ్లీ తెచ్చేవారు. ఆ సమ్మెలో ఒళ్ళు చేసింది నేనొక్కదాన్నే!”

“మరి… ఆ జరం?”

“నువ్వు నమ్మాలని. ‘లచ్చమ్మకు మాత్రం చెప్పకుండ్రి, నల్లా కాడ గల్లంత తెలుస్తది,’ అన్నారు.”

అంతమందిల… అయ్యగారు మంత్రాలు చదువుతుంటె… నవ్వొచ్చింది జ్యోతికా. ఆపుకుందామంటె ఆగలె. పడి పడి నవ్విన. “అయ్యో, లచ్చమ్మకు దయ్యం పట్టింది,” అని ఆడోళ్ళు నీళ్ళు పట్టుకొని ఉరికొచ్చిండ్రు. దండేసిన ఫోటోల మీ తాత… ఏం తెల్వనట్టు చూస్తుండు.

రాత్రి తలుపుకు గొళ్ళెం పెడతలేను బిడ్డా. ఒక్కపారి ఒస్తె బాగుండు. దయ్యమై ఒచ్చినా సరే… గల్లా పట్టి అడుగుత, తాయెత్తు గూడ కట్టిచ్చుకుంటివి గదయ్యా, అని.