మ్యాగజైన్‌లో మిగిలిన ఏడు తూటాలు

శనివారం ఉదయం వెర్లీ కాఫీ మరగబెట్టి, గ్రేవీ కోసం పిండి వేయించి, అలవాటు చొప్పున వంటింటి తలుపు పక్కనున్న కొక్కేల వైపు చేయి చాచింది. కొక్కేలు ఖాళీగా ఉన్నాయి. నలభై మూడేళ్లుగా అక్కడే ఉంటున్న, చిన్న వేటకు వాడే ట్వంటీటూ రైఫిల్ లేదు.

కొడుకు డెంజిల్ తలెత్తకుండా రొట్టె తుంచుకుంటూ, దాన్ని తన ఇనుప బీరువాలో పెట్టి తాళం వేశానన్నాడు.

కారణం ఆమెకు తెలియనిది కాదు. కిందటి శనివారం ఆమె అడవిలో మూడుసార్లు పేల్చింది. రెండు తూటాలు ఉడుతల తలల మీదుగా పోయాయి. మూడోది, హికరీ చెట్టు మొదలు మీదుగా తలకిందులుగా దిగుతున్న ఉడుతకు తలలో తగలక నడుములో తగిలింది. అది వెనుక కాళ్లు ఈడ్చుకుంటూ తొర్రలో దూరింది. వెర్లీ మధ్యాహ్నం దాకా ఆ చెట్టు కిందే నిలబడింది. ఆహారం కోసం ప్రాణం తీయడానికి దేవుడు అనుమతి ఇచ్చాడు గాని, హింసించి వదిలేయడానికి ఇవ్వలేదని ఆమె విశ్వాసం.

"డెబ్బై ఒకటి వచ్చాయమ్మా, ఇక చాలు. కళ్లు ఆనడం లేదు, చేతులు వణుకుతున్నాయి. ఉడుతలు నేను తెస్తాగా."

"నువ్వు తెచ్చేవాటిలో సగం మాంసం నుజ్జునుజ్జు. కుక్క కూడా వాసన చూసి పోతుంది."

కోడలు ట్రెస్సా నవ్వు దాచుకోవడానికి పొయ్యి వైపు తిరిగింది. వెర్లీకి మాత్రం నవ్వు రాలేదు. కొడుకు మాట నిజమేమోనన్న అనుమానం వారం రోజులుగా ఆమెను లోలోపల కాలుస్తున్నది. ఆ మంటే ఇప్పుడు కోపమై పైకి లేచింది.

"నాతో ఒక్క మాట చెప్పి తీస్తే నీ నోరు పడిపోయేదా? చంటిపిల్ల చేతిలో కత్తి లాక్కున్నట్టు లాక్కున్నావు."

ఆమె విసురుగా సొరుగు లాగింది. రైఫిల్‌తో పాటు బీరువాలోకి చేరని మ్యాగజైన్ అందులో ఉంది. పది తూటాలు పట్టే ఆ చిన్న డబ్బీలోంచి మిగిలిన ఏడింటినీ బొటనవేలితో ఒక్కొక్కటిగా బల్ల మీదికి నెట్టింది. కళ్లద్దాలు పెట్టుకుని చూసింది. ఏడింటి మొనలకూ గుంటలున్నాయి. ఆమె వాడేవాటి మొనలు గుండ్రంగా, నున్నగా ఉంటాయి.

"ఇవి నావి కావు."

డెంజిల్ నమలడం ఆపాడు. కిందటి శనివారం తెల్లవారుజామున చలికి తల్లి వేళ్లు బిగుసుకుపోతే, మ్యాగజైన్ నింపి ఇచ్చింది అతనే. తన కోటు జేబులోంచి తీసి నింపాడు.

"రెండూ ట్వంటీటూలే కదా. నావి ఇంకా వేగం. తగిలితే ఉడుత మళ్లీ లేవదు."

"తగిలితే కదరా! నా రైఫిల్‌కు గురి కట్టింది నెమ్మది తూటాతో. నీది ఎంత ఎత్తున తగులుతుందో నువ్వెప్పుడైనా చూశావా? బీరువా తియ్యి."

యాభై గజాల అవతల కంచె గుంజకు డెంజిల్ రెండు కాగితపు పళ్లేలు కొట్టాడు. వెర్లీ గింజల మూట మీద రైఫిల్ ఆనించి, మొదట తన తూటాలు ఐదు పేల్చింది. పావు డాలరు బిళ్ల పెడితే ఐదు చిల్లులూ కనబడకుండా పోయేంత దగ్గరగా, పళ్లెం నడిమధ్యన పడ్డాయి. తరువాత రెండో పళ్లెం మీద కొడుకు తూటాలు ఐదు పేల్చింది. ఐదూ రెండంగుళాలు ఎత్తున, చెదిరిపోయి పడ్డాయి. మిగిలిన రెండూ అతని చేతికిచ్చి పేల్చమన్నది. అవీ ఎత్తునే తగిలాయి.

డెంజిల్ గుంజ దగ్గరికి నడిచి, పైనున్న చిల్లులను ఒక్కొక్కటిగా వేలితో తడిమాడు. వెర్లీ వెనుకనే వచ్చింది.

"వారం రోజులు నా చేతులను నేనే తిట్టుకున్నాను. నువ్వేమో తాళం వేసి నిశ్చింతగా తిన్నావు."

"నిశ్చింతా? నాకు గురి నేర్పిందే నువ్వు. అలాంటి నువ్వు మూడుసార్లూ గురి తప్పావు. భయమేసిందమ్మా. ఏం చెయ్యాలో తోచక తాళం వేశా." అతను పళ్లెం మీంచి వేలు తీశాడు. "ఆ ఉడుత పాపం నాదే."

ఔనని అనబోయి వెర్లీ ఆగిపోయింది. అడవిలో అడుగుపెట్టేముందు తూటా మొన చూసుకోవాలని ఈ పిల్లవాడికి వేయిసార్లు చెప్పిన నోరు తనదే. ఆనాడు చలి వంకతో చూసుకోని కళ్లూ తనవే. ఆ సంగతి గుర్తించేసరికి వారమంతా రాని కన్నీళ్లు ఒక్కసారిగా వచ్చాయి.

"నింపింది నువ్వు. చూడకుండా పేల్చింది నేను. సగం నాదిరా."

అతను టోపీ తీసి తల వంచాడు. ఆమె కోపం పూర్తిగా చల్లారలేదు. అయినా కొడుకు భుజం మీద వేసిన చేయి చాలాసేపు తీయలేదు.