పిలిచే ఊరు

ఖతార్‌లో జుబారా కోట దాటి రువైస్ వైపు వెళ్ళే దారిలో, ఎడమచేతి పక్కన, రోడ్డుకీ సముద్రానికీ మధ్య ఒక పాడుబడ్డ ఊరుంది. దాని పేరు చెప్పను. చెబితే సెలవు రోజున పిల్లల్నీ బిర్యానీ గిన్నెల్నీ కార్లో వేసుకుని ఫొటోలు దిగడానికి బయలుదేరే బ్యాచ్ ఒకటి మనవాళ్ళలో ఎప్పుడూ రెడీగా ఉంటుంది.

ఒకప్పుడు అక్కడ చేపలు పట్టేవాళ్ళు ఉండేవారట. ఇప్పుడు కప్పుల్లేని గోడలు, ఒక పొట్టి మినారు, ఎండిపోయిన బావి... అంతే. పగలు చూస్తే జాలేస్తుంది. చీకటి పడ్డాక మాత్రం ఆ దారిన వెళ్ళే ట్రక్కు డ్రైవర్లు కూడా అద్దాలు పైకి ఎత్తేసుకుంటారు.

ఎందుకంటే — ఆ ఊరు పిలుస్తుందట. పేరు పెట్టి, మనకి బాగా తెలిసిన గొంతుతో.

నేను ఇలాంటివి నమ్మే మనిషిని కాను. పద్నాలుగేళ్ళుగా దోహాలోని అల్ సద్‌లో ఒక క్లినిక్‌లో నర్సుని. ఒంట్లో బాగాలేనప్పుడు మనుషులు ఏమేం వింటారో, ఏమేం చూస్తారో నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. అయినా జాషువా ఇది చెప్పిన రోజు నుంచి, చీకట్లో ఎవరైనా "జయకుమారీ" అంటే చప్పున పలకలేకపోతున్నాను.

జాషువాది మొగల్తూరు. ఏసీ టెక్నీషియన్. భార్య పెర్సిస్‌తో ఐన్ ఖాలిద్‌లో ఉంటాడు. నన్ను అక్కా అంటాడు. ముప్పై తొమ్మిదేళ్ళకే షుగరు పట్టుకుంది కాబట్టి నెలనెలా నా చేత తిట్లు తింటాడు కూడా. వాడి ప్రాణ స్నేహితుడు రాజ్ కిరణ్. ఇద్దరిదీ ఒకే వీధి, ఒకే బడి. ఇక్కడ కూడా ఒకే చర్చి. చిన్నప్పుడు జాషువా నోరు మూయకుండా వాగుతుంటే రాజ్ కిరణ్ వాడికి 'గోరింక' అని పేరు పెట్టాడట. ఈ దేశం మొత్తమ్మీద జాషువాని ఆ పేరుతో పిలిచేవాడు వాడొక్కడే. నాక్కూడా ఈ మధ్యే తెలిసింది.

ఇక ర్యాలీ సంగతి. ఏటా డిసెంబరులో ఒక క్లబ్బువాళ్ళు మోటారు సైకిళ్ళూ స్కూటర్లూ కలిపి దేశం మొత్తం ఒక చుట్టు చుట్టిస్తారు. తెల్లారకముందే దోహాలో బయలుదేరి, దుఖాన్ మీదుగా పైకి వెళ్ళి, జుబారా, రువైస్ దాటి మళ్ళీ దోహా. ఖతార్ చిన్న దేశమే. కానీ స్కూటరు మీద కూర్చుని చుడితే అంత చిన్నదేం కాదు.

ఎవరూ ఒంటరిగా వెళ్ళకూడదు, జోడీగానే వెళ్ళాలి. జోడీలో ఒకరి బండి ఆగిపోతే, క్లబ్బు వ్యాను వచ్చేదాకా రెండోవాడు అక్కడే ఉండాలి. చీకటి పడ్డాక ఏడింటిలోపు రువైస్ చెక్‌పోస్టులో సంతకం పడకపోతే ఇద్దరూ అవుట్. జోడీవాడు తనంతట తాను మానుకుని ఇంటికి వెళ్ళిపోతే మాత్రం రెండోవాడు ఒక్కడే పూర్తి చేసుకోవచ్చు. వరసగా పదేళ్ళు పూర్తి చేసినవాడి పేరు క్లబ్బు గోడమీద ఇత్తడి పలకలో చెక్కుతారు.

రాజ్ కిరణ్‌కి తొమ్మిదేళ్ళు అయిపోయాయి. ఆ పలక పిచ్చి ఎంత ముదిరిందంటే, పేరు ఏ అక్షరాల్లో చెక్కించాలో కూడా ముందే అనుకున్నాడు. సరిగ్గా అప్పుడే వాడి పాత జోడీ ఉద్యోగం మానేసి సొంతూరు వెళ్ళిపోయాడు.

"నువ్వు రాకపోతే నా పదో ఏడు మట్టిలో కలుస్తుందిరా గోరింకా" అన్నాడట జాషువాతో.

జాషువాకి ర్యాలీల పిచ్చి లేదు. ఉన్నది డ్యూటీకి వెళ్ళే స్కూటరు. స్నేహితుడి కోసం ఒప్పుకున్నాడు. టిఫిను బ్యాగు, షుగరు మాత్రలు, బిస్కెట్లు అన్నీ రాజ్ కిరణ్ పెద్ద బండి పెట్టెలో పెట్టాడు. స్కూటరుకి ఛార్జింగ్ పెట్టుకునే వీలు లేదు కాబట్టి ఫోను కూడా ఆ బండికే తగిలించాడు.

మధ్యాహ్నం దుఖాన్‌లో మాత్ర వేసుకున్నాడు. తిండి సరిగా తినలేదు. "యల్లా యల్లా, లేటైపోతోంది" అని రాజ్ కిరణ్ తొందరపెట్టాడట. జుబారా దాటేసరికి పొద్దు గుంకింది. ఆ ఊరి ఎదురుగా వచ్చేసరికి — స్కూటరు ఇంజను రొద పెడుతోంది, చక్రం మాత్రం కదలడం లేదు.

"బెల్టు తెగిందిరా" అన్నాడు జాషువా.

రాజ్ కిరణ్ బండి దిగలేదు. హెల్మెట్ కూడా తియ్యలేదు. టైము చూసుకున్నాడు. అయిదూ నలభై.

"సిగ్నల్ మాఫీ రా, అస్సలు లేదిక్కడ" అన్నాడు ఫోను పైకెత్తి. "వ్యానుకి ఫోను కలవదు. నేను రువైస్ వెళ్ళి తీసుకొస్తాను. ఇరవై నిమిషాలు. నువ్వు కదలకు."

బండి వెనక ఎర్రలైటు చిన్నదై, చిన్నదై... ఆరిపోయాక గుర్తొచ్చింది జాషువాకి. తన ఫోను, బ్యాగు రెండూ ఆ బండితోనే వెళ్ళిపోయాయని.

ఇరవై నిమిషాలు గడిచాయి. నలభై అయ్యాయి. గంటన్నర కూడా దాటింది.

మధ్యలో రెండు కార్లు వచ్చాయట. జాషువా రోడ్డు మధ్యకి వెళ్ళి చేతులూపాడు. మెరిసే జాకెట్టు వేసుకుని, తెల్ల హెల్మెట్ పెట్టుకుని, ఆ ఊరి ముందు చీకట్లో చేతులూపే మనిషిని చూసి ఎవడు ఆపుతాడు? రెండు కార్లూ అద్దాలు ఎత్తుకుని మరీ దూసుకుపోయాయి. "దెయ్యం నేనేనేమో అనుకున్నారక్కా" అని నవ్వాడు ఆ మాట చెబుతూ.

గాలి పెరిగింది. ఎముకలు కొరికే చలి. అంత చలిలోనూ వాడికి చెమటలు పట్టడం మొదలైంది. చేతులు వణికాయి. షుగరు పడిపోతోందని తెలుసు, నోట్లో వేసుకోవడానికి చిటికెడు పంచదార కూడా లేదు. కాళ్ళు తేలిపోతుంటే గాలికి చాటుగా ఉంటుందని మొదటి ఇంటి గోడ వెనక్కి వెళ్ళి చతికిలపడ్డాడు.

అప్పుడు వినిపించింది.

"గోరింకా..."

ఊరి లోపల్నుంచి. మినారు అవతల్నుంచి. మెల్లగా... రాజ్ కిరణ్ గొంతు!

ప్రాణం లేచొచ్చిందట జాషువాకి. పలకడానికి నోరు తెరిచాడు. కానీ గొంతు దాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది.

దానికి కారణం వాళ్ళ అమ్మమ్మ ఆంజనమ్మ. చీకట్లో ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే మూడోసారి పిలిచేదాకా పలకొద్దని చిన్నప్పుడు రోజూ నూరిపోసేదట. మనిషైతే మూడోసారి పిలుస్తాడు. మనిషి కానిది రెండుసార్లు పిలిచి ఊరుకుంటుంది, ఈలోపు పలికామో, దాని వెంట పోయినట్టే. గోదావరి పక్క ఇళ్ళల్లో ఈ మాట వినకుండా పెరిగినవాళ్ళెవరూ ఉండరు, నాతో సహా. పాస్టరుగారు ఎన్నిసార్లు గట్టిగా చెప్పినా, ఆదివారం బళ్ళో ఎంత నేర్చుకున్నా, అది మాత్రం లోపల ఎక్కడో ఉండిపోతుంది.

జాషువా పళ్ళు బిగించుకున్నాడు. వాడు రాజే అయితే మళ్ళీ పిలుస్తాడు కదా అనుకున్నాడు.

"ఒరేయ్ గోరింకా... ఇటు రారా..."

ఈసారి దగ్గర్నుంచి. గోడకి అవతలే. విసుగు కూడా అచ్చం వాడిదే.

ఇంక ఒక్కసారి. ఒక్కసారి పిలిస్తే చాలు, పాక్కుంటూ అయినా వెళ్ళిపోదామని నేలమీద చేతులు ఆనించాడు. ఊపిరి బిగబట్టాడు. గోడ మీద నుంచి ఇసుక జారుతున్న చప్పుడు...

మూడోసారి పిలవలేదు.

ఆ తర్వాత జాషువాకి తెలివి లేదు. రాత్రి పది దాటాక ఒంటెలు కాసే పాకిస్తానీ ముసలాయన ఒకడు రోడ్డుపక్క పడి ఉన్న స్కూటరు చూసి, టార్చి వేసుకుని వెతికాడు. ఖర్జూరాలు నోట్లో కుక్కి, ఒంటెపాలు తాగించి నిలబెట్టాడు. నిలబెట్టాక టార్చిని గోడ అవతలికి తిప్పి చూపించాడు. నాలుగడుగుల దూరంలో బావి ఉంది. చుట్టూ గట్టు లేదు. పిలుపు వచ్చింది ఆ బావి అవతల్నుంచే.

తెల్లారేసరికి మా క్లినిక్‌కి తెచ్చారు. సెలైన్ పెట్టింది నేనే. పెర్సిస్ ఏడ్చి ఏడ్చి ఉంది. ఏడున్నరకి జాషువా ఫోనుకి కాల్ చేస్తే రాజ్ కిరణ్ ఎత్తాడట. "వెనకాలే వస్తున్నాడు చెల్లెమ్మా, ఫోను నా బండికి ఛార్జింగ్‌లో ఉంది" అన్నాడట. తొమ్మిదింటికి చేస్తే స్విచ్చాఫ్.

"నువ్వు కంగారుపడతావని అలా చెప్పి ఉంటాడులే" అన్నాడు జాషువా మంచం మీద నుంచే.

అప్పుడు వచ్చాడు రాజ్ కిరణ్. ఒక చేతిలో బ్యాగు, ఒక చేతిలో ఫోను. ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. వాడు నోరు తెరిచేలోపే జాషువా వాడి చెయ్యి పట్టుకున్నాడు.

"నన్ను క్షమించరా. నువ్వు వెనక్కొచ్చి రెండుసార్లు పిలిచావు. నేనే... మా అమ్మమ్మ మాట పట్టుకుని పలకలేదు. నీ పదో ఏడు ఏమైపోయిందోనని రాత్రంతా అదే బాధ."

రాజ్ కిరణ్ ముఖం తుడుచుకున్నాడు.

"అవున్రా... పిలిచాను" అన్నాడు. "పలక్కపోయేసరికి ఎవరి బండో ఎక్కి వెళ్ళిపోయావనుకున్నా. పోనీలే, నువ్వు బతికావు, అంతే చాలు."

నేను పక్కనే నిలబడి ఆ మాటలు విన్నాను. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి కూడా! ఆ వారం ప్రార్థన కూటంలో జాషువా లేచి నిలబడి, తన కోసం చీకట్లో ఆ పాడు ఊళ్ళోకి వచ్చి వెతికిన స్నేహితుడి గురించి సాక్ష్యం చెప్పాడు. అందరం చప్పట్లు కొట్టాం. రాజ్ కిరణ్ తల దించుకుని కూర్చున్నాడు. అణకువ అనుకున్నాం. నేనైతే ఇంటికి పిలిచి కోడి వేపుడు చేసి పెట్టాను. ఆ వేపుడు గుర్తొస్తే ఇప్పటికీ నా ఒళ్ళు మండిపోతుంది.

జనవరిలో అల్ ముంతజాలో ఒక హాలులో క్లబ్బువాళ్ళ సభ జరిగింది. రాజ్ కిరణ్ పదేళ్ళూ పూర్తయ్యాయని పలక. ఏడింటిలోపు సంతకం పెట్టేశాకే వెనక్కొచ్చి ఉంటాడులే అనుకున్నాం. దండ వెయ్యడానికి జాషువాని పిలిచాడు. వెంట నేనూ పెర్సిసూ వెళ్ళాం.

టీ కప్పుల దగ్గర ఒకాయన జాషువా భుజం తట్టాడు. ఫసీయుద్దీన్ అని, హైదరాబాద్ మనిషి. ర్యాలీ రోజున రువైస్ చెక్‌పోస్టులో సంతకాలు పెట్టించింది ఆయనే.

"క్యా భాయ్, తబియత్ మంచిగైందా? జుబారా కాడ్నే పికప్ ఎక్కి దోహా పోయినవంట గదా. కడుపు నొప్పని నీ దోస్త్ చెప్పిండు."

జాషువా నవ్వాడు. ఆయన తనని ఇంకెవరో అనుకుని పొరబడుతున్నాడని అనుకున్నాడు.

"లేదండీ. బెల్టు తెగింది. తర్వాత మావాడు నాకోసం వెనక్కొచ్చాడు కదా."

"వెనక్కా?" ఆయన కప్పు కింద పెట్టాడు. "ఎవరు వచ్చిండ్రు? ఆరు దాటంగనే నా ముందల సంతకం పెట్టిండు. వ్యాను ఆడ్నే ఖాళీగ ఉండె, ఒక్కమాట చెప్తే పంపిస్తుంటిమి గదా. చెప్పలే. ఏడింటికి అందరం కలిసి బయలుదేరినం. దోహా దాక నా బండి పక్కనే నడిపిండు."

జాషువా ముఖంలో నవ్వు ఇంకా అలాగే ఉంది. తీసెయ్యడం మర్చిపోయినట్టుగా.

ఏడు దాటాకే కదా పిలుపు వినిపించింది! ఆ సమయానికి వాడు దోహాకి వచ్చే అల్ ఖోర్ దారిలో ఉన్నాడు. పెర్సిస్ చేసిన కాల్ వాడు ఎత్తిందీ అక్కడ్నుంచే. అక్కడ సిగ్నల్ ఉంది, మనుషులున్నారు, వ్యాను కూడా ఉంది. వాడి పెట్టెలో ఈ పిచ్చివాడి బిస్కెట్లున్నాయి. ఒక ఇత్తడి ముక్క కోసం, వాడు... నాకు నోట్లోకి వచ్చిన మాట అక్కడ అనలేదు, ఇక్కడా రాయను.

స్టేజి మీద రాజ్ కిరణ్ పేరు చదివారు. దండ పట్టుకుని రమ్మని మైకులో జాషువాని పిలుస్తున్నారు. వాడు దండని కుర్చీలో పెట్టి, మెట్లు దిగి, పార్కింగులోకి వెళ్ళిపోయాడు. నేనూ వెనకే వెళ్ళాను. స్కూటరు సీటు మీద చెయ్యేసి నిలబడి ఉన్నాడు.

నోరు ఊరుకోక అడిగేశాను.

"మరి తమ్ముడూ... ఆ పిలిచింది ఎవరు? గోరింక అన్న పేరు దానికెలా తెలుసు?"

జాషువా ముఖం అటు తిప్పుకున్నాడు. ఏడుస్తున్నాడని తర్వాత తెలిసింది నాకు.

"ఏదో తెలీదక్కా. నన్ను చంపడానికే పిలిచిందేమో కూడా" అన్నాడు. "అయినా అది రెండుసార్లు పిలిచింది. వాడు ఒక్కసారి కూడా పిలవలేదు."