కాకి వాగు తూములో చప్పుడు

చీకటి పడ్డాక కాకి వాగు దగ్గర కారు ఆపకూడదని మా తెగలో అందరికీ తెలుసు. అక్కడ అడవి రోడ్డు కింద ఒక ఇనుప తూము ఉండేది — మనిషి వంగి దూరగలిగేంత గొట్టం. అందులో ఎవరో కొడతారు. లోపలి నుంచి.

ఠంగ్... ఠంగ్... ఠంగ్.

కాసేపు ఆగి, మళ్ళీ మూడు.

వరదలో కొట్టుకుపోయిన దుంగల లారీ డ్రైవరట. శవం దొరకలేదట. ఆ తూములోనే ఇరుక్కుని, బయటికి తీయమని కొడుతున్నాడట.

నేను నమ్మేవాణ్ణి. చేపల ఆఫీసులో పని నాది, వారానికోసారి అక్కడికి వెళ్ళక తప్పేది కాదు. పగలే అయినా గట్టు దిగేవాణ్ణి కాను. పైనుంచే చచ్చిన సాల్మన్ చేపల్ని లెక్కపెట్టుకుని వచ్చేసేవాణ్ణి.

చావకేం చేస్తాయి? తూము దిగువ నోరు మడుగు మీద ఛాతీ ఎత్తున వేలాడేది. గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి ఎదురీదుకుంటూ వచ్చిన చేపలు ఎగిరి ఎగిరి ఇనుముకి తలలు బాదుకునేవి. ఒకటీ అరా లోపలికి దూకినా, నున్నటి గొట్టంలో నీటి వేగం దాన్ని వెనక్కి విసిరేసేది. మూతులు చిట్లి మడుగులోనే తేలేవి. కడుపు కోస్తే గుడ్లు అలాగే ఉండేవి. ఆ తూము తీసి వంతెన వేయండని రోడ్డు వాళ్ళని అడిగితే, పన్నెండేళ్ళుగా ఒకటే మాట — "వచ్చే ఏడు."

నాతో పాటు ఆఫీసులో వర్నా అక్క, ఆవిడ తమ్ముడు లైల్ పని చేసేవాళ్ళు. లైల్‌కి పెళ్ళి కాలేదు, విడిగా ఉండేవాడు. "వీళ్ళు కట్టేలోపు ఈ వాగులో చేపన్నది మిగలదురా," అనేవాడు.

ఆ నవంబరులో మూడు రోజులు ఆగకుండా వాన.

మూడో రాత్రి ఎల్మర్ మామ రంపపు మిల్లు నుంచి ఇంటికొస్తున్నాడు. కాకి వాగు దగ్గర రోడ్డు మీద వాన నీళ్ళు నిలిచాయి. కారు నెమ్మది చేశాడు...

ఠంగ్... ఠంగ్... ఠంగ్.

ఇంజనేమో అనుకున్నాడు. ఆపేశాడు. వాన. వాగు హోరు. ఆ హోరులోంచి, సరిగ్గా తన కాళ్ళ కింద నుంచి —

ఠంగ్... ఠంగ్... ఠంగ్.

"పోతున్నా," అని గొణిగాడట. "నీ జోలికి రాలేదయ్యా... పోతున్నా..."

నేరుగా పెట్రోలు బంకు కొట్లోకి వచ్చి పడ్డాడు. నేనున్నాను అక్కడ, వర్నా అక్క కూడా ఉంది. మామ రెండు చేతులతో పట్టుకున్నా కప్పులో కాఫీ ఒలికిపోతోంది.

"విన్నానర్రా. ఈ చెవులతో విన్నా."

"ఏమంటాడు మామా డ్రైవరు? లిఫ్టు అడిగాడా?" అన్నాడు కొట్టు నడిపే డేరిల్.

"నవ్వు, నవ్వు. మగాడివైతే వెళ్ళి చూసిరా."

డేరిల్ నవ్వు ఆపేశాడు. కదల్లేదు. నేనూ కదల్లేదు. వర్నా అక్క మాత్రం కప్పు చాటున నవ్వు దాచుకుంది. ఎంత ధైర్యం ఈవిడకి, అనుకున్నాను. వాళ్ళ ఇల్లు ఆ రోడ్డు మీదే. తాళంచెవులు తీసుకుని వెళ్ళిపోయింది.

పొద్దున్న లైల్ పనికి రాలేదు.

పదింటికి దుంగలు లాగే పాత బాటలో, చెట్ల మాటున అతని ట్రక్కు కనిపించింది. అక్కడి నుంచి తూము ఇరవై అడుగులు.

గొట్టం మధ్యలో ఉన్నాడు. చుట్టూ అడ్డపలకలు — ఎవరికీ చెప్పకుండా, అనుమతి లేకుండా, సాయంత్రాలు ఒక్కడే బిగించుకున్నవి. పలక వెనక నీళ్ళు నెమ్మదిస్తే, చేప కాస్త ఆగి, బలం కూడదీసుకుని ముందుకి పోతుందని. వానకి చెత్త చేరి పలకలు ఊడిపోతాయని, ఆ చెత్త తీయడానికి దూరినట్టున్నాడు. వరదలో కొట్టుకొచ్చిన దుంగ అతని కాలిని అతను బిగించిన పలకకే అదిమేసింది. నీళ్ళు ఛాతీ దాకా. మునగలేదు. చలికి పోయాడు.

కుడిచేతిలో స్పానరు ఉంది. వేళ్ళు విడదీయలేకపోయాం. నెత్తి మీది ఇనుము నిండా సొట్టలు.

తెల్లవారుజాము దాకా బతికే ఉండి ఉంటాడన్నాడు డాక్టరు. ఎంత అరిచినా ఆ హోరులో గొంతు వినపడదు. ఇనుము వినపడింది. ఆ రాత్రి ఆ రోడ్డున పోయినవాళ్ళలో ఐదుగురు తర్వాత ఒక్కొక్కరే ఒప్పుకున్నారు. విన్నారు. అద్దాలు ఎక్కించుకున్నారు.

మనిషి పోయాక రోడ్డు వాళ్ళకి తీరిక దొరికింది. మరుసటి వేసవిలో తూము పెకలించి వంతెన వేశారు. వానలు మొదలవగానే నేనూ వర్నా అక్కా చేపల్ని చూడటానికి వెళ్ళాం. ఎర్రటి వీపులు వంతెన కింద నుంచి ఒకదాని వెనక ఒకటి, దారి తెలిసినట్టు పైకి పోతున్నాయి.

"దెయ్యాన్ని పుట్టించింది మేమేరా," అంది అక్క.

నేను ఆవిడ వైపు తిరిగాను.

"మడుగులో చిక్కుకున్న చేపల్ని దొంగలొచ్చి రాత్రిళ్ళు బల్లేలతో పొడుచుకుపోయేవాళ్ళు కదా. డ్రైవరూ లేడు, శవమూ లేదు. కథ నేను అల్లాను. వీడు తూములో దూరి స్పానరుతో మూడేసి కొట్టేవాడు. వాళ్ళు బల్లేలు పారేసి పరిగెత్తేవాళ్ళు. నేను ఇనుపకడ్డీతో బయటి నుంచి మూడు కొట్టేదాన్ని — వెళ్ళిపోయారు, ఇక రా, అని."

"అక్కా... ఆ రాత్రి..."

"ఎల్మర్ మామ అలా వణుకుతుంటే, వీడు మళ్ళీ మొదలెట్టాడనుకున్నా. ఇంటికి పోతూ ఆపాను. కొడుతూనే ఉన్నాడు. డిక్కీలోంచి కడ్డీ తీసి, గట్టు మీంచి వంగి, బయటికి పొడుచుకొచ్చిన తూము అంచు మీద మూడు కొట్టాను."

గొంతు మరీ తగ్గించింది. చెవి దగ్గర పెట్టి వినాల్సి వచ్చింది.

"లోపల పిచ్చెత్తినట్టు కొట్టాడురా. మూడు కాదు... లెక్కే లేదు... ఆపకుండా. వెధవ, రమ్మంటే ఇంకా రెచ్చిపోతున్నాడే, అనుకున్నా. అక్క వచ్చేసిందని అంత సంబరం వాడికి..."

అక్క వంతెన కింది నీళ్ళలోకి చూసింది.

"నేను నవ్వుకుంటూ కారెక్కాను."