ఆపరేషన్ కుసుమపాలు

మర్రిగూడ నుంచి నల్గొండ వెళ్లే రోడ్డు మీద, పత్తి చేల మధ్య, ఒక టిప్పర్ డాక్టర్ లింగస్వామి స్కూటర్‌ను వెనక నుంచి గుద్దింది. గుద్ది పారిపోలేదు. ఆగింది. అందులోంచి ఇద్దరు దిగి, కొన ఊపిరితో ఉన్న మనిషిని దాటుకుని వెళ్లి, స్కూటర్‌కు కట్టిన ఐస్ బాక్స్ తాళ్లు కోశారు. బాక్స్ తీసుకుని వెళ్లిపోయారు. పత్తి ఏరుతున్న ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చేసరికి లింగస్వామి ప్రాణం పోయింది.

పోలీసులు యాక్సిడెంట్ అని రాసుకున్నారు.

మర్నాడు హైదరాబాద్‌లో నిఘా విభాగం స్పెషల్ డెస్క్ చీఫ్ తిరుమల మేడమ్ గది తలుపు వేయించి, ఏజెంట్ ఐలేశం ముందు రెండు ఫొటోలు పెట్టింది. మొదటిది లింగస్వామిది. ఆ ముఖం ఐలేశానికి ఎవరూ చూపించనక్కర్లేదు. ఇద్దరూ మర్రిగూడలో గోడకు గోడ ఆనుకున్న ఇళ్లలో పుట్టారు. నల్గొండ హాస్టల్లో ఒకే కంచంలో తిన్నారు. ఇద్దరి పళ్లూ ఊరి బోరు నీళ్లలోని ఫ్లోరైడ్‌కు గోధుమరంగు తిరిగాయి. రెండో ఫొటోలో ఉన్నది రైనర్. ఆర్కిడ్ అనే విదేశీ ముఠాకు ఫీల్డ్ చీఫ్. ఎక్కడైనా చవకైన పరిశోధన ఫలించబోతుంటే దాన్ని దొంగిలించడం, కుదరకపోతే భ్రష్టు పట్టించడం, ఆ ఖాళీలోకి తమ వాళ్ల ఖరీదైన సరుకు దించడం వాళ్ల వ్యాపారం.

లింగస్వామి పరిశోధన కుసుమ గింజల పాల మీద. గింజలు నానబెట్టి, రుబ్బి, వడకట్టి, బెల్లం వేసి కాచే పాలు. ఫ్లోరైడ్ ఊళ్లలో మగవాళ్ల వీర్యకణాలు ఆక్సిడేటివ్ స్ట్రెస్‌తో దెబ్బతింటున్నాయని అతని అనుమానం. ఇనుముకు తుప్పు పట్టినట్టు కణానికి పట్టే చెరుపు అది. కుసుమల్లోని యాంటీ ఆక్సిడెంట్లు ఆ తుప్పును ఆపగలవా అన్నది ప్రశ్న. మర్రిగూడ మగవాళ్లతో అతను నడుపుతున్న ట్రయల్‌లో సగం మంది కుసుమపాలు తాగుతున్నారు. మిగతా సగం మంది అచ్చం అలాగే కనిపించే వేరే పాలు తాగుతున్నారు. ఎవరిది ఏదో ఎవరికీ తెలియదు. ఆ ఐస్ బాక్స్‌లో ఉన్నవి వాళ్ల వీర్యం నమూనాలు. పోయిన నెలలో లింగస్వామి ఫోన్ చేసి, ఇది మందు కాదు, ఉత్త ఆహారమే, రుజువయ్యే దాకా ఒక్క మాట ఎక్కువ చెప్పను అన్నాడు. ఐలేశం నవ్వాడు. అదే ఆఖరి మాట అని అప్పుడు తెలియదు.

"రైనర్ నాకు ప్రాణాలతో కావాలి" అంది తిరుమల మేడమ్. "ఇది పగ తీర్చుకునే పని కాదు."

"సరే మేడమ్."

"నీ మనసులో ఏమున్నదో చెప్పు."

"ప్రాణాలతో అన్నరు. మంచిగున్న ప్రాణాలతో అనలేదు."

ఆమె డ్రాయర్‌లోంచి ఒక పెన్ను తీసి ఇచ్చింది. రాసే పెన్ను కాదు. పత్తి గింజల నుంచి తీసే ఒక విషం తగిలితే దాని కొన ఎర్రబడుతుంది. ఆర్కిడ్ ఆ విషాన్ని నల్గొండకు తెప్పించినట్టు లోపలి మనిషి కబురు పంపింది. ఆ లోపలి మనిషి పేరు మల్లిక.

మల్లికను నల్గొండ క్లాక్ టవర్ దగ్గర కలిశాడు. నల్ల కారు, నల్ల కళ్లద్దాలు, గద్వాల పట్టుచీర, కారు తలుపు తీయకముందే తగిలే సెంటు వాసన. మగవాళ్ల సంతానలేమికి కొత్త క్యాప్సూల్ అమ్మబోతున్న కంపెనీకి ఆమె పీఆర్ డైరెక్టర్. ఆర్కిడ్‌కు ఏజెంట్. స్పెషల్ డెస్క్‌కు డబుల్ ఏజెంట్. పుట్టింది మాత్రం మహబూబ్‌నగర్ పాత బస్టాండ్ వెనక సందులో.

"ఈసారి ఎండలు ముందే వచ్చినయి" అంది.

"కుసుమలు ఆరబెట్టుకోవచ్చు" అన్నాడు.

కోడ్ కలిసింది. అతను ఎక్కి కూర్చున్నాడు. కారు కొంత దూరం వెళ్లాక, లింగస్వామి ఏ దారిన వస్తాడో రైనర్‌కు చెప్పింది తానేనని ఆమె రోడ్డు మీంచి చూపు తిప్పకుండా చెప్పింది. చెప్పకపోతే తన మీద అనుమానం వచ్చేది.

"బాక్స్ ఒక్కటే గుంజుకుంటమన్నరు" అంది.

"నమ్మినవా?"

"నమ్మాలనుకున్న."

ఐలేశం చేయి చొక్కా కింద పిస్టల్ మీదికి వెళ్లింది. ఆమె చూసింది. కారు ఆపలేదు, వేగం పెంచలేదు. కాసేపటికి అతని చేయి బయటికి వచ్చింది.

"నీ సంగతి తర్వాత. ముందు వాడి సంగతి చెప్పు."

ఆమె చెప్పింది. ఆదివారం మర్రిగూడ బడి ఆవరణలో లింగస్వామి సంతాప సభ. ట్రయల్‌లో ఉన్న మగవాళ్లందరూ అతని పేరు మీద ఒకేసారి పాలు తాగుతారు. పత్తి విషం కొద్దికొద్దిగా ఒంట్లోకి వెళ్తే వీర్యకణాలు చస్తాయి. రైనర్ కలపబోయే మోతాదుకైతే సాయంత్రానికి కాళ్లు చచ్చుబడి, కొందరి గుండె ఆగుతుంది. టీవీ కెమెరాలను రైనరే వెంట తెస్తున్నాడు. మొగుళ్లను గొడ్డుపోతులను చేసి చంపిన పాలు అని రాత్రికల్లా దేశమంతా చూస్తుంది. లింగస్వామి చచ్చి కూడా హంతకుడవుతాడు. వారం తిరక్కుండా క్యాప్సూల్ మార్కెట్లోకి దిగుతుంది. విషం ఎందులో కలుపుతాడో మాత్రం రైనర్ ఆమెకూ చెప్పలేదు.

ఐలేశం మారువేషం కోసం ఎక్కువ కష్టపడలేదు. డిపార్ట్‌మెంట్ తొడిగిన తెల్ల పళ్ల క్యాపులు తీసేశాడు. గడ్డం పెరగనిచ్చాడు. తలకు తువ్వాల చుట్టుకుని వంటవాళ్లలో కలిశాడు. ఊరొదిలి ఏళ్లైంది; ఆ పళ్లతో, ఆ యాసతో మర్రిగూడలో అతన్ని ఎవరూ తేరిపార చూడలేదు.

ఆదివారం పొద్దున బడి ఆవరణ నిండిపోయింది. పాల క్యాన్లు రెండు వరుసల్లో పెట్టి ఉన్నాయి. ఎవరూ చూడని సమయంలో ఐలేశం ఒక్కో క్యాన్‌లో పెన్ను ముంచాడు. రంగు మారలేదు. మళ్లీ ముంచాడు. మారలేదు. స్టీలు గ్లాసులు తుడిచి చూశాడు. అవీ శుభ్రంగానే ఉన్నాయి. చొక్కా వీపుకు అతుక్కుంది.

ముందు వరుసలో కిష్టయ్య అనే పత్తి రైతు కూర్చున్నాడు. పెళ్లై ఎన్నో ఏళ్లు. పిల్లలు లేరు. పక్కన అతని భార్య పుష్పమ్మ. ఐలేశం ఖాళీ గ్లాసు అందిస్తుంటే కిష్టయ్య తనంతట తనే మాట కలిపాడు.

"ఊరంతా దీన్నే గొడ్రాలన్నరు తమ్మీ. నన్ను గూడ పరీక్ష చేయించుకొమ్మని లింగస్వామి సార్ ఒక్కడే అన్నడు. లోపం నాదే అని తెల్సినంక ఇంట్ల కొట్లాట బందైంది. ఆయన పేరు మీద ఇయ్యాల గ్లాసు నిండ తాగుత."

పుష్పమ్మ మొగుడి భుజం మీది తువ్వాల సరిచేసింది.

వేదిక మీద ముఖ్య అతిథి రైనర్ తెల్ల లాల్చీలో చేతులు జోడించి కూర్చున్నాడు. ఏదో అంతర్జాతీయ ఆరోగ్య సంస్థ ప్రతినిధినని చెప్పుకున్నాడు. లింగస్వామి ఫొటోకు దండ వేసి కళ్లు తుడుచుకున్నాడు.

ఈలోగా క్యాప్సూల్ కంపెనీ కానుకగా అప్పుడే పంపిన బెల్లం పాకం డ్రమ్ముల్లోంచి తీసి క్యాన్లలో కలిపారు. పాలు గ్లాసుల్లోకి వెళ్లాయి. వేదిక మీద మల్లిక, రైనర్ కళ్లు ఆ డ్రమ్ముల మీదే ఉండటం గమనించి, తన వైపు వచ్చిన పళ్లెం చూసి, మైకుకు వినపడేలా నెమ్మదిగా అంది.

"నాకు బెల్లం పడది. బెల్లం కలపనియి ఉంటే తెండ్రి."

ఐలేశం డ్రమ్ము దగ్గరికి నడిచి పెన్ను ముంచాడు. కొన నెత్తురులా ఎర్రబడింది.

రైనర్ మనిషి ఒకడు అది చూశాడు. అడ్డంగా వచ్చి చొక్కాలోంచి కత్తి తీశాడు. ఐలేశం చేతిలో పాలు కలిపే పెద్ద గరిటె ఉంది. అది వాడి మణికట్టు మీద ఒకసారి, దవడ మీద ఒకసారి పడింది. వాడు డ్రమ్ము పక్కనే కూలిపోయాడు. అప్పటికే అందరి చేతుల్లో గ్లాసులు లేచాయి. ఐలేశం పరుగెత్తుతూ కిష్టయ్య పెదవికి ఆనిన గ్లాసును చేత్తో కొట్టి, వేదిక ఎక్కి మైకు అందుకున్నాడు.

"ఎవ్వరు తాగకుండ్రి. గ్లాసులు కింద వెట్టుండ్రి. నేను లింగస్వామి దోస్తు ఐలేశాన్ని. ఆయన పక్కింట్ల పుట్టినోన్ని. ఆయనను చంపినోళ్లు ఈ బెల్లంల విషం కలిపిండ్రు."

ఆవరణలో గ్లాసులు ఒక్కొక్కటే నేల మీదికి దిగిన చప్పుడు వినిపించింది. కెమెరాలు తిరుగుతూనే ఉన్నాయి. రైనర్ లేచాడు. ఐలేశం పళ్లెంలోంచి ఒక గ్లాసు తీసుకుని అతని ముందు నిలబడ్డాడు. రెండో చేతిలో తువ్వాల, దాని కింద పిస్టల్.

"మా వాళ్లు భయపడ్డరు సార్. మీరు తాగి చూపెట్టుండ్రి."

రైనర్ ముందు నవ్వాడు. ఇంగ్లీషులో ఏదో అన్నాడు. తువ్వాల పక్కటెముకలకు తగలగానే నవ్వు పోయింది. చెమటలు పట్టాయి. తాగనన్నాడు. ఎందుకు తాగవని అడిగితే, మైకు ముందే, విషమని ఒప్పుకున్నాడు. టిప్పర్ పంపింది తానేనని కూడా చెప్పాడు. ప్రాణాలతో దొరికాడు. చీఫ్ అడిగింది అంతే.

మల్లిక దగ్గరికొచ్చి, ఇక చాలని ఐలేశం మోచేయి పట్టుకుంది. అతనికి పత్తి చేల మధ్య రోడ్డు గుర్తొచ్చింది. కొన ఊపిరి మీద ఉన్న మనిషిని దాటుకుని వెళ్లిన కాళ్లు గుర్తొచ్చాయి. ఆమె చేయి విదిలించి, రైనర్ దవడ పట్టి తెరిచి, రెండు గుటకలు పోశాడు. గ్లాసులో మిగిలింది జాగ్రత్తగా సాక్ష్యం కోసం పక్కన పెట్టాడు.

ఆ సాయంత్రమే రైనర్ కాళ్లు చచ్చుబడ్డాయి. నల్గొండలో ఒక దవాఖానలో, ఆ విషానికి ఒంట్లో పడిపోయిన పొటాషియం ఎక్కించి బతికించారు. మంచం మీది నుంచే ముఠాలో అందరి పేర్లూ, టిప్పర్ దిగిన ఇద్దరి పేర్లతో సహా చెప్పాడు. కోర్టుకు చక్రాల కుర్చీలో వచ్చాడు. ఐలేశం వెనక బెంచీలో కూర్చుని చూశాడు. అనుకున్నంత తృప్తి కలగలేదు. కొంత మాత్రం కలిగింది.

మల్లిక సాక్ష్యం చెప్పి బయటికి వచ్చి, తనను మాఫ్ చేశావా అని అడిగింది. లేదన్నాడు. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని కారెక్కింది.

లింగస్వామి శిష్యురాలు అక్షిత ట్రయల్ పూర్తి చేసింది. కుసుమపాలు తాగిన వాళ్ల వీర్యకణాల కదలిక కొంత మెరుగైంది, చెరుపు కొంత తగ్గింది, ఇంకా పెద్ద ట్రయల్ కావాలి అని రిపోర్టులో రాసింది. ఒక్క మాట ఎక్కువ రాయలేదు. మొదటి పేరు లింగస్వామిదే పెట్టింది. కిష్టయ్య ఇన్నాళ్లూ తాగినవి ఆ వేరే పాలేనని తేలింది. ఆ సంగతి విని అతను తిట్టుకుంటూనే కుసుమలు కొనడానికి బజారుకు పోయాడు. పుష్పమ్మ నవ్వుతూ రుబ్బురోలు కడిగింది.

తిరుమల మేడమ్ రైనర్ మెడికల్ రిపోర్టు టేబుల్ మీద పెట్టి, నిందితుడి కడుపులోకి విషం ఎట్లా పోయిందో అధికారికంగా సమాధానం కావాలని అడిగింది.

"ముఖ్య అతిథిని ఉత్త కడుపుతోని పంపుడు మా దిక్కు మర్యాద కాదు మేడమ్" అన్నాడు ఐలేశం.