ఎడమకు జరిగిన లాంప్

మూడు నెలలుగా డిపార్ట్‌మెంట్ మొత్తం వెతుకుతున్న ద్రోహి చెయ్యి ఆ ఉదయం ఒక ఫోటోలో కొంగ కంటపడింది. అది తన చెయ్యే.

ఫోటోలో ఒక హోటల్లోని 212వ నంబరు గది. టేబుల్ మీద నల్ల టెలిఫోన్, పక్కన లాంప్. లాంప్ కాడను పట్టుకున్న నాలుగు వేళ్లు, మణికట్టు లోపలివైపు తిప్పి కట్టుకున్న వాచీ. వాచీ అలా కట్టుకునేవాడు డిపార్ట్‌మెంట్‌లో ఒక్కడే ఉన్నాడు.

కొంగ అనేది అతని కోడ్ నేమ్. ఒంటికాలి మీద గంటలకొద్దీ కదలకుండా నిలబడగలడని డిపార్ట్‌మెంట్ పెద్దాయన పెట్టాడు. రెండేళ్లుగా అతని కవర్ ఫ్రేమ్ క్లబ్. పేరున్న సినిమాలు తీసిన హోటళ్లు వెతుక్కుంటూ తిరిగే సినిమా పిచ్చోళ్ల గుంపు అది. వాళ్లకు ఒకటే నియమం. కెమెరా నిలబడ్డ చోటే నిలబడాలి, కెమెరా చూసిందే చూడాలి. కుర్చీ జరిగి ఉంటే సర్దాలి. కర్టెన్ మడత తేడాగా ఉంటే సరిచెయ్యాలి. గది అచ్చం సినిమాలోలా కుదిరాకే ఫోటో తియ్యాలి. మెడలో కెమెరాలతో పన్నెండుమంది ఏ హోటల్లో దూరినా రిసెప్షన్‌లో ఎవరూ తలెత్తి చూడరు. గూఢచారికి ఇంతకన్నా మంచి గొడుగు దొరకదు.

రిటైరైన పోస్టాఫీసు గుమాస్తా వేషంలో కొంగ అందులో చేరాడు. మొదటి నెల నటించాడు. రెండో నెల నుంచి నటించాల్సిన అవసరం రాలేదు.

మూడు నెలల క్రితం అతనికి ఇచ్చిన పని చాలా చిన్నది. పదకొండు గంటలకు క్లబ్బును 212లోకి తీసుకెళ్లాలి, పావుగంటలో బయటికి తీసుకురావాలి. ఎందుకో చెప్పలేదు. చెప్పకపోవడం డిపార్ట్‌మెంట్ పద్ధతి. ఎవరి ముక్క వాళ్లకే తెలియాలి. పన్నెండు గంటలకు అదే గదిలోకి వెళ్లిన అతని స్నేహితుడు పిచ్చుక తిరిగి రాలేదు.

మిగతా ముక్క ఈ ఉదయమే పెద్దాయన విప్పాడు. క్లబ్బు సందడి పిచ్చుక హోటల్లోకి దూరడానికి చాటు. శత్రు ముఠాలో మన డబుల్ ఏజెంట్ ఒకామె ఉంది, కోడ్ నేమ్ నెమలి. 212లో ఆమె పెట్టే గుర్తు లాంప్. గుమ్మంలోంచి చూస్తే అది ఫోనుకు ఎడమవైపు ఉంటే దారి సేఫ్. కుడివైపు ఉంటే ప్రమాదం, రావద్దు. కుడివైపే పెట్టానని నెమలి అంటోంది. పిచ్చుక లోపలికి వెళ్లాడంటే ఎడమవైపు చూశాడన్నమాట. "మీ క్లబ్ ఫోటోల్లో వెతుకు. మీరు వెళ్లేసరికే లాంప్ ఎడమవైపు ఉందని తేలితే చాలు, ఆవిడ బండారం బయటపడుతుంది" అన్నాడు.

లాంప్ కుడివైపే ఉంది. సినిమాలో ఎడమవైపు ఉంటుంది. కొంగ సర్దాడు.

తలుపు తెరుచుకుంది. పెద్దాయన.

"ఏమైంది, దొరికిందా?"

"లేదు సార్. వెళ్లగానే తీసినవి లేవు, అన్నీ తర్వాతవే."

తేలు కుట్టిన దొంగలా కూర్చుని, ఆ ఫోటోను అక్కడే చెరిపేశాడు. చూపు పెద్దాయన మీదే ఉంచాడు. ఇరవై ఏళ్ల ట్రైనింగ్ మరి.

"సరే, విను," పెద్దాయన కుర్చీ లాక్కున్నాడు. "ఇవాళ నాలుగింటికి మెట్ల హోటల్. నెమలి లిప్‌స్టిక్ ఇస్తుంది, అందులో ముఠా వాళ్ల మొత్తం లిస్ట్ ఉంటుంది. తీసుకుని వచ్చెయ్."

"ఆమె?"

"ఆమె సంగతి ముఠాకు తెలిసిపోయింది. ఇవాళ అక్కడే ముగించేస్తారు. మనిషెవరో తెలీదు, మీ క్లబ్బువాళ్లలో కలిసిపోతాడని మాత్రం కబురొచ్చింది."

"మనం ఆపమా సార్?"

"పిచ్చుకను వాళ్లకు అమ్మింది, వాళ్లను మనకు అమ్ముతోంది. రెండు పడవల మీద కాళ్లు పెడితే ఎప్పటికైనా మునగాల్సిందేనోయ్. నాకు లిస్ట్ కావాలి, ఆవిడ అక్కర్లేదు."

కొంగ కెమెరా మెడలో వేసుకున్నాడు.

క్లబ్ వ్యాన్‌లో ఉండగా ఫోన్ మోగింది. పిచ్చుక భార్య.

"తమ్ముడూ, పనిలో ఉన్నావా?"

"లేదు వదినా, చెప్పు."

"మీ పెద్దాయన ఫోన్ చేశాడు. ఎవరో తెలిసిపోయిందట కదా? ఆడమనిషట."

"...అలా అంటున్నారు."

"నాకేం చెయ్యాలని లేదు. ఒక్కసారి ఎదురుగా కూర్చోబెట్టి, ఎందుకు చేశావమ్మా అని అడగాలని ఉంది, అంతే. నువ్వు ఉండబట్టి ఈ మూడు నెలలూ నెట్టుకొచ్చాను తమ్ముడూ. సొంత తమ్ముడున్నా ఇంత చూసుకునేవాడు కాదు."

అతను ఫోన్ పెట్టేశాడు. వెనకసీట్లోంచి క్లబ్ పెద్ద, రిటైరైన టీచరమ్మ, వీపు మీద తట్టింది. "గుమాస్తాగారూ, మొహం అలా వేలాడేశారేంటి? వెళ్లేది చావుకా, సినిమాకా?"

మెట్ల హోటల్లో ఇరవైరెండు మెట్లు, వాటి మీద ఎర్ర తివాచీ. నలభై ఏళ్ల క్రితం ఒక హీరోయిన్ ఈ మెట్లు దిగుతూ పదకొండో మెట్టు మీద ఆగింది. కింద గోధుమరంగు కోటులో హీరో. వర్షం వెలిశాక వచ్చాడు కాబట్టి గొడుగు మూసి ఎడమచేతికి తగిలించుకుని ఉంటాడు, కుడిచేతిలో పెట్టె. ఇవాళ కింద అలాంటి హీరోలు తొమ్మిదిమంది ఉన్నారు. అందరివీ గోధుమరంగు కోట్లే. ఆరుగురు క్లబ్ మగవాళ్లు. మిగతా ముగ్గురూ క్లబ్ వేరే శాఖ నుంచి వచ్చామన్నారు.

మూడు గంటల యాభై ఎనిమిది నిమిషాలు. కొంగ పదకొండో మెట్టు మీద కెమెరా సర్దుతున్నట్టు నిలబడ్డాడు. చెవిటి మెషీన్‌లా కనిపించే ఇయర్‌పీస్‌లో పెద్దాయన ఊపిరి వినిపిస్తోంది.

పైనుంచి నెమలి దిగింది. ఆకుపచ్చ పట్టు గౌను, హీరోయిన్ నడకే. క్లబ్బంతా ఆహా అంది. పక్కకు వచ్చి ఆగింది. లిప్‌స్టిక్ చేతులు మారింది.

"నన్ను బయటికి తీసుకెళ్తావా?" పెదవులు కదలకుండా అడిగింది.

"ఆర్డర్ లేదు."

"పిచ్చుక గురించేగా? నేను కుడివైపే పెట్టాను. ఒట్టు."

"తెలుసు."

అనేశాక గానీ అన్నట్టు తెలియలేదు.

నెమలి అతని మొహంలోకి చూసింది. "ఎలా తెలుసు?"

"కొంగా, సరుకు అందిందిగా," ఇయర్‌పీస్ గరగరలాడింది. "వచ్చెయ్. వెనక్కి చూడకు."

అతను ఒక మెట్టు దిగాడు. ఇంకొకటి దిగాడు. లిస్ట్ జేబులో ఉంది. ఫోటో లేదు. ఇంకో నిమిషంలో ఆమే ఉండదు, అడిగేవాళ్లే ఉండరు. ఇంత సుళువుగా తప్పించుకునే దారి జీవితంలో మళ్లీ దొరకదు.

ఇంకో మెట్టు దిగాడు. అప్పుడు కనబడింది. ఎనిమిది గొడుగులు ఎడమచేతులకు వేలాడుతున్నాయి. స్తంభం పక్క మనిషిది కుడిచేతిలో ఉంది, దాని మొన మెల్లగా పైకి లేస్తోంది.

తుపాకీ తీసే టైమ్ లేదు. అతను ఉన్న గొంతంతా పెట్టి అరిచాడు.

"టీచరమ్మగారూ! స్తంభం పక్కన! గొడుగు కుడిచేతిలో!"

క్లబ్బంతా గిర్రున తిరిగింది. బాంబు అని అరిచినా అంత వేగం ఉండేది కాదు.

"అయ్యో అయ్యో, అదేం పట్టుకోవడం నాయనా!" టీచరమ్మ ఒక్క అంగలో వెళ్లి గొడుగు కొన ఒడిసిపట్టింది. "సినిమా చూశావా అసలు? ఎడమచెయ్యి! ఎడమ!"

"మోచెయ్యి ఇలా మడవాలి సార్," పళ్ల డాక్టరు వెనకనుంచి అతని చెయ్యి విరిచినంత పనిచేశాడు.

ఠప్. చిన్న చప్పుడు. నెమలి భుజానికి జానెడు దూరంలో, మెట్ల కొయ్య రెయిలింగ్‌లో, విషం పూసిన సూది దిగబడి ఊగింది.

అప్పటికే ఆ మనిషి మీద ఇద్దరు హీరోలు కూర్చున్నారు. డిపార్ట్‌మెంట్ వాళ్లు వచ్చి సంకెళ్లు వేస్తుంటే టీచరమ్మ ఇంకా అంటూనే ఉంది. "సంకెళ్లెందుకండీ, నేర్చుకుంటాడు లెండి!"

హోటల్ మేనేజర్ గదిలో పెద్దాయన నిలబడే ఉన్నాడు. సంకెళ్లు ఇప్పుడు నెమలి చేతులకు కూడా ఉన్నాయి.

"లిస్ట్ వచ్చింది, సంతోషం," అన్నాడు. "ఆవిణ్ని కాపాడమని నీకెవరు చెప్పారు? పిచ్చుకను చంపించినదాన్ని!"

"ఆమె కాదు సార్."

"రుజువేది?"

"ఉండేది. పొద్దున నేనే చెరిపేశాను."

పెద్దాయన మెల్లగా కూర్చున్నాడు. నెమలి తలెత్తింది. ఎలా తెలుసన్న ప్రశ్నకు జవాబు ఆమెకు అప్పుడే అందినట్టుంది.

కొంగ రెండు కాళ్ల మీదా నిటారుగా నిలబడ్డాడు.

"ఆవిడ సంకెళ్లు తీయించండి సార్. అవి నాకు పడాలి. వదినకు కూడా మీరు చెప్పొద్దు, నేనే వెళ్లి ఎదురుగా కూర్చుంటాను. ఎందుకు చేశావని ఆవిడ అడగాలి, నేను చెప్పాలి. అయితే చెప్పడానికేమీ లేదు సార్, అదే నా బాధ. నన్నెవరూ కొనలేదు. ఎవరూ బెదిరించలేదు. వాడి మీద నాకు పిసరంత కోపం లేదు. గదిలోకి వెళ్లాను, లాంప్ కుడివైపు ఉంది, సినిమాలో ఎడమవైపు ఉంటుంది. మిగతా పదకొండుమంది ఏం తేడా ఉందా అని ఇంకా చూస్తూనే ఉన్నారు. నేను ఠక్కున పట్టేశాను, జరిపేశాను. ఎంత బాగా పట్టేశావయ్యా అని, సార్, అందరూ చప్పట్లు కొట్టారు. నేను వంగి దండం కూడా పెట్టాను."